నందిగామ బోణీ

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఆరు నెలల మర్దన కోర్సు చేసి, సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, "అంకుల్, చిన్నగా సెంటర్ పెడదామనుకుంటున్నా, ఎక్కడైతే బాగుంటుందండి? ఎన్ని మంచాలెయ్యాలి?" అని అడుగుతారు. వాళ్ళకి కావలసింది గది కొలతలు, నూనెల పేర్లు, బోర్డు మీద ఏం రాయించాలన్న సంగతి. అవన్నీ చెప్పి పంపిస్తాను. చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. అది టీ తాగుతూ చెప్పగలిగేది కాదు గనక ఇలా రాస్తున్నాను.

జగ్గయ్యపేటలో, నందిగామలో కలిపి ఇరవై ఎనిమిదేళ్ళు నేను జనం నొప్పులకు మర్దన చేశాను. చాలామంది లేచి నడిచారు. ఒకామె నా తప్పు వల్ల పోయింది. ఆమె పేరు నాగేంద్రమ్మ, ఊరు చందర్లపాడు. ఆమె భర్త వెంకటేశ్వర్లు గారు ఆ తర్వాత పదకొండేళ్ళు నా చేతికే తన భుజం ఇచ్చారు. ఆయనతో నిజం చెప్పడానికి నాకు ఆ పదకొండేళ్ళూ పట్టాయి. ఈ వృత్తి గురించి నేను చెప్పగలిగిన మిగతా మాటలన్నీ ఈ ఒక్క విషయానికి అటూ ఇటూ ఉన్నవే.

షావుకారు కొడుకు

మాది జగ్గయ్యపేటలో హోల్‌సేల్ కిరాణా కొట్టు. బెల్లం, చింతపండు, నూనె డబ్బాలు. మా నాన్నగారికి దేవుడి మీద ఎంత నమ్మకమో బోణీ మీద అంత నమ్మకం. పొద్దున్నే తలుపులు తీశాక గడప తొక్కిన మొదటి మనిషి వట్టి చేతులతో వెళ్ళకూడదు. అడిగింది లేకపోతే ఇంకోటైనా ఇవ్వాలి, లాభం లేకపోయినా ఇవ్వాలి. బోణీ బేరం వెనక్కి పోయిందంటే ఆ రోజంతా ఈగలు తోలుకోవడమేనని ఆయన లెక్క.

ఒకరోజు తెల్లవారుతూనే ఒకావిడ వచ్చి కర్పూరం అడిగింది. మా దగ్గర అయిపోయింది. నాన్నగారు నన్ను వెనక గుమ్మంలోంచి పక్క కొట్టుకి పరిగెత్తించారు. తెచ్చిన ధరకే ఆవిడ చేతిలో పెట్టి, ఆవిడిచ్చిన డబ్బు కళ్ళకద్దుకుని, "చూశావా, మనిషిని ఎలా నిలబెట్టుకోవాలో" అన్నారు. నాకప్పుడు పన్నెండేళ్ళు. మా ఇళ్ళల్లో పిల్లలకి ఎక్కాల కంటే ముందు ఇలాంటివి ఎక్కుతాయి. అవి ఎప్పుడు ఎక్కాయో తెలియదు, దిగమంటే దిగవు.

ఇంటర్ తప్పాక నన్ను విజయవాడలో మేనమామ గారి మందుల షాపుకి పంపారు. పక్కనే ఒక ఆసుపత్రి. అక్కడ కాళ్ళూ చేతులూ పట్టేసినవాళ్ళకి వ్యాయామం, మర్దన చేయించే విభాగానికి మందులు తీసుకెళ్ళేవాణ్ణి. మంచాన పడ్డ ఒక పెద్దాయన ఆరు వారాల తర్వాత గోడ పట్టుకుని నిలబడటం అక్కడే చూశాను. ఆ తర్వాత మందుల షాపులో మనసు నిలవలేదు. ఆ విభాగంలో సహాయకుడిగా చేరిపోయాను. ఇంట్లో తెలిశాక మా అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. నాన్నగారు మాత్రం ఒకటే మాటన్నారు, "షావుకారు కొడుకువి, ఊళ్ళోవాళ్ళ ఒళ్ళు రుద్దుతావా?"

రోజమ్మ గారి టేపు

ఆ విభాగానికి పెద్ద రోజమ్మ గారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆవిడ తెల్లకోటు జేబులో దర్జీలు వాడే టేపు ఎప్పుడూ ఉండేది. కాలునొప్పి అని ఎవరొచ్చినా ముందు రెండు కాళ్ళూ మోకాళ్ళ పైదాకా చూసేది. పక్కపక్కన పెట్టి, పిక్కల చుట్టూ టేపు పెట్టి కొలిచేది. అరచెయ్యి వెనక్కి తిప్పి, వేళ్ళ వెనక భాగంతో రెండింటి వేడీ చూసేది.

"నొప్పున్న కాలు ఒక్కటే చూసేవాడు పనికిమాలినవాడు శివా" అనేది నాతో. "ఒక కాలు వాచి, వేడిగా ఉండి, ఆ మనిషి ఈ మధ్య మంచం మీదే పడుకుని ఉంటే చెయ్యి వెయ్యకు. డాక్టర్ దగ్గరికి తోలెయ్. లోపల నరంలో రక్తం గడ్డకట్టుంటుంది. రుద్దితే అది కదిలి ఊపిరితిత్తులకి పోతుంది. అర్థమైందా?"

"అర్థమైందండి" అన్నాను. నిజంగానే అర్థమైంది. ఆవిడ దగ్గర ఏడేళ్ళు చేశాను. వెళ్ళొస్తానని చెప్పిన రోజు ఆ టేపు నా చేతిలో పెట్టింది. నాకు తెలియక తప్పు చేశానని చెప్పుకునే వీలు లేకుండా పోయింది అందువల్లే.

మెట్లు, బోర్డు

జగ్గయ్యపేటలో మొదటి గది బట్టల కొట్టు పైన తీసుకున్నాను. అద్దె తక్కువ, గాలి ధారాళంగా వచ్చేది. ఇరవై రెండు మెట్లు. నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఆ మెట్లెక్కి వచ్చేసరికి నొప్పి రెట్టింపయ్యేది. నేను గంటసేపు కష్టపడి తగ్గించేవాణ్ణి. మళ్ళీ దిగేసరికి మొదటికొచ్చేది. ఆ సంగతి నా బుర్రకెక్కడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఒక పంతులమ్మ గారు పైమెట్టు మీద కూలబడి, "నాయనా, నీ వైద్యం మంచిదే, నీ మేడే చంపుతోంది" అన్నాక గది మార్చాను. మీరు గది వెతికేటప్పుడు మోకాలి నొప్పి ఉన్న మీ అత్తనో అమ్మమ్మనో వెంట తీసుకెళ్ళండి. వాళ్ళు సులువుగా లోపలికి వెళ్ళగలిగితేనే ఖాయం చేసుకోండి.

బోర్డు దగ్గరా బోల్తా పడ్డాను. ముద్దుగా "మసాజ్ సెంటర్" అని రాయించాను. వచ్చిన ఫోన్లలో సగం నడుం నొప్పివాళ్ళవి కావు. వెకిలి నవ్వులు, వెకిలి ప్రశ్నలు. ఒకసారి ఇద్దరు పోలీసులు వచ్చి మంచాల కింద కూడా చూసి వెళ్ళారు. మా బంధువులు పెళ్ళిళ్ళలో నా పక్క కుర్చీ ఖాళీగా వదిలేసేవాళ్ళు. చివరికి "కీళ్ళు, నరాల నొప్పులకు మర్దన" అని మార్పించి, ఆడవాళ్ళకి వేరే గది, పక్క సందులోంచి వేరే గుమ్మం పెట్టించాను. ఆ గుమ్మం వల్లే ఆడవాళ్ళు రావడం మొదలైంది.

వాళ్ళకోసం మా ఆవిడ సుజాత పని నేర్చుకుంది. నేనే నేర్పాను. నిజం చెప్పాలంటే నాకన్నా బాగా నేర్చుకుంది. నా చేతికి బలం ఎక్కువ, దాని చేతికి తెలివి ఎక్కువ. ఒంట్లో ఎక్కడ బిగుసుకుందో కళ్ళు మూసుకుని చెప్పేసేది. మా నాన్నగారికి కూడా క్రమంగా కోపం పోయింది. జనం బాగా వస్తున్నారు గదా. కొడుకు ఏం చేస్తున్నాడన్నది పక్కనపెట్టి, కొట్టు నడుస్తోందన్నది చూసుకున్నారు.

ముహూర్తం

నందిగామ నుంచి, కంచికచర్ల నుంచి, చందర్లపాడు నుంచి జనం బస్సుల్లో జగ్గయ్యపేట వచ్చేవాళ్ళు. నడుం నొప్పి మనిషిని బస్సులో కుదిపి తీసుకురావడం, మళ్ళీ కుదిపి పంపడం నాకే సిగ్గనిపించింది. పైగా ఆశ కూడా ఉంది, దాచడమెందుకు? నందిగామలో రెండో గది తీసుకున్నాను. ఈసారి నేలమట్టం, రెండు గుమ్మాలు, వెడల్పు మంచాలు. అన్నీ పద్ధతిగా ప్లాన్ చేశాను.

ప్రారంభం రోజు గుమ్మానికి మామిడి తోరణాలు, అరటి పిలకలు కట్టించాం. పంతులు గారు పూజ ముగించి కొబ్బరికాయ కొట్టించారు. బంధువులు పాతికమంది దాకా స్వీటు ప్యాకెట్లు పట్టుకుని నిలబడ్డారు. నాన్నగారు గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. ముహూర్తం దాటకముందే బోణీ పడాలని ఆయన తాపత్రయం.

ఆటో ఒకటి ఆగింది. యాభై దాటిన మనిషొకాయన దిగి, భార్యని చెయ్యి పట్టుకుని దింపారు. ఆమె ఎడమ కాలు నేల మీద పూర్తిగా మోపడం లేదు. నాన్నగారు లేచి నిలబడి, "రండమ్మా రండి, మహాలక్ష్మిలాగా వచ్చారు" అన్నారు.

"ఇటు పనుండొచ్చామండి" అన్నారాయన. "మా ఆవిడకి నాల్రోజుల్నుంచి పిక్క లాగేస్తాంది. మీ బోర్డు చూసి ఆపిచ్చా."

సుజాత ఆమెను ఆడవాళ్ళ గదిలోకి తీసుకెళ్ళింది. రెండు నిమిషాల్లో తెర తొలగించి నన్ను పిలిచింది.

"ఏవండీ, ఒకసారి ఇటు రండి. ఎడమ పిక్క వాచింది. ముట్టుకుంటే వేడిగా ఉంది, కుడికాలు అట్టా లేదు. పదిహేను రోజుల కిందట గర్భసంచి ఆపరేషనయిందంట. అప్పట్నుంచీ మంచం మీదే ఉందంట."

నాకు రోజమ్మ గారి గొంతు వినపడింది. వినపడలేదని అబద్ధం చెప్పను. టేపు సంచిలో ఉంది. సంచి కుర్చీ కింద ఉంది. తియ్యడానికి వంగాను కూడా.

"ఏంట్రా శివా, గుసగుసలు?" అన్నారు నాన్నగారు. పాతికమంది నా వైపు చూస్తున్నారు. "ముహూర్తం దాటిపోతాంది. బోణీ కానివ్వండి."

"అది కాదు నాన్నా, ఈమెని ముందు డాక్టర్‌కి..."

"కొత్త కొట్టు, మొదటి మనిషి, వెనక్కి పంపుతావా?" ఆయన ముఖంలో కోపం లేదు, భయం ఉంది. నా కోసం భయం.

నేను వంగినవాణ్ణి లేచాను. సుజాత వైపు తిరిగి, "మెల్లిగా, పైపైన చెయ్యి. గట్టిగా వద్దు" అన్నాను.

అది నా కళ్ళలోకి ఒక క్షణం చూసింది. తర్వాత లోపలికి వెళ్ళిపోయింది. ఆ "మెల్లిగా" అన్న మాట తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది. చెయ్యకూడదని తెలిసిన పనిని మెల్లిగా చెయ్యమన్నాను.

తెర వెనకనుంచి నాగేంద్రమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. "అక్కడే తల్లీ, ఆ... ఇంకొంచెం గట్టిగా పట్టు. ఎంత హాయిగా ఉందో." అరగంట తర్వాత నెమ్మదిగా నడుచుకుంటూ బయటికి వచ్చింది. సుజాత చేతులు పట్టుకుని, "నీ చేతులు చల్లగుండ" అంది. రవిక లోంచి చిన్న పర్సు తీసి వంద నోటు నాన్నగారి చేతిలో పెట్టింది. ఆయన కళ్ళకద్దుకుని లక్ష్మీదేవి పటం ముందు పెట్టారు. మర్నాడు ఆ నోటుకి అద్దం ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలించారు. మా పాత కొట్టులోనూ అలాంటిదొకటి ఉండేది.

రెండు కాళ్ళూ చూశావా

మూడో రోజు చందర్లపాడు నుంచి మెడనొప్పితో ఒకాయన వచ్చాడు. మంచం మీద బోర్లా పడుకుని, కబుర్ల మధ్యలో అన్నాడు, "మొన్న మీకాడికి బోణీకొచ్చిందే నాగేంద్రమ్మ, ఎంకటేశ్వర్లు భార్య, పాపం పోయిందండి. తెల్లారి లేచి పెరట్లోకెళ్ళి, ఊపిరాడట్లేదని కూలబడిపోయిందంట. ఆటో ఎక్కించేలోపే అయిపోయింది. గుండెపోటన్నారు."

నా చేతులు ఆయన మెడ మీదే ఉన్నాయి. ఆయన చెప్పుకుంటూ పోతున్నాడు. తెర అవతల సుజాత వింటూనే ఉంది.

ఆయన వెళ్ళాక రోజమ్మ గారికి ఫోన్ చేశాను. అప్పటికి ఆవిడ రిటైరై గుణదలలో కూతురి దగ్గరుంటోంది. మొత్తం చెప్పాను. ఆవిడ ఒకటే అడిగింది.

"రెండు కాళ్ళూ చూశావా?"

"సుజాత చూసిందండి. నాకు చెప్పింది."

ఆవిడ అంది, "రుద్దకపోయినా ఆ గడ్డ కదిలుండొచ్చు శివా. అది ఎవరూ చెప్పలేరు. కానీ రుద్దారుగా. డాక్టర్ దగ్గరికి పంపుంటే సూది మందుతో బతికేదేమో. అదీ ఎవరూ చెప్పలేరు. నువ్వు వాళ్ళింటికెళ్ళి చెప్పు."

"చెప్తానండి" అన్నాను.

సుజాత నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. దుప్పట్లు మడతపెట్టి, నూనె గిన్నెలు కడిగి బోర్లించి, "రేపట్నుంచి నేను రానండి" అంది. ఆ తర్వాత అది ఇంకో మనిషి ఒంటి మీద చెయ్యి వెయ్యలేదు. నాకు నడుం పట్టేసినప్పుడు కూడా నూనె సీసా తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయేది. అంత మంచి చేతులు నేను ఎక్కడా చూడలేదు. చెయ్యి దానిదైనా మాట నాది. శిక్ష మాత్రం అది వేసుకుంది.

నేను చందర్లపాడు వెళ్ళలేదు. దినాలు అయ్యాక వెళ్దామనుకున్నాను. తర్వాత పత్తి తీతలు కానిద్దామనుకున్నాను. మనిషి వెళ్ళకూడదనుకుంటే ఏదో ఒక పని అడ్డం వస్తూనే ఉంటుంది.

పెరగడం

ఐదు నెలలకి వెంకటేశ్వర్లు గారే వచ్చారు. మిరపకాయ టిక్కీల బస్తాలు ట్రక్కులోకి ఎక్కిస్తూ జారిపడి కుడి భుజం దెబ్బతింది. కట్టు విప్పాక చెయ్యి భుజం ఎత్తు దాటి లేవడం లేదు. గుమ్మంలో ఆయన్ని చూడగానే ఒక అడుగు వెనక్కి వేశాను. కొట్టడానికి వచ్చారనుకున్నాను. ఆయన చెప్పులు విడిచి, గోడ మీద ఫ్రేమ్ చూసి, కళ్ళు తుడుచుకున్నారు.

"మా ఆవిడిచ్చిన నోటేగా అది?" అన్నారు. "ఆ రోజు మీ ఇంటావిడ కాలు పట్టినాక, పదిహేను రోజుల్లో మొదటిసారి సుఖంగా నిద్రపోయిందండి మా ఆవిడ. తెల్లారి పోయిందనుకోండి, అది దేవుడి రాత. ఆ ఒక్క పూటైనా హాయిగా ఉంది. అందుకే ఈ భుజం ఇంకెక్కడా చూపించకుండా మీకాడికే వచ్చా."

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను. "చొక్కా విప్పండి" అన్నాను.

మర్దన కేంద్రం ఎలా పెరుగుతుందని మీరందరూ అడుగుతారు. కరపత్రాలతో పెరగదు, ఫోన్లో బొమ్మలు పెడితే పెరగదు. ఒక్కో ఊళ్ళో ఒక్క మనిషి మిమ్మల్ని నమ్మితే పెరుగుతుంది. నందిగామ గదిని పెంచింది వెంకటేశ్వర్లు గారు. చందర్లపాడులో ఎవరికి నడుం పట్టినా, మెడ పట్టినా ఆటో ఎక్కించి నా దగ్గరికి పంపేవారు. వాళ్ళు ఇంకొందరికి చెప్పేవాళ్ళు. రెడ్డిగూడెం నుంచి కూడా వచ్చారంటే నమ్మండి. రెండు మంచాలు నాలుగయ్యాయి. ఇద్దరు పనివాళ్ళను పెట్టాను. నాన్నగారు పోయేముందు కూడా, "ఆ బోణీ చెయ్యి మంచిదిరా" అనేవారు. ఆయనకి నేను ఏమీ చెప్పలేదు. ఆయన సంతోషంగానే పోయారు.

నేనేమీ మారలేదని కాదు. ఆ మూడో రోజు నుంచి కొత్తగా ఎవరొచ్చినా మొదటి పావుగంట నా చేతులు జేబుల్లోనే ఉండేవి. జ్వరముందా, ఆపరేషన్ అయిందా, మంచాన పడ్డారా, ఏ మందులు వాడుతున్నారు, అన్నీ అడిగేవాణ్ణి. కాళ్ళు రెండూ కొలిచేవాణ్ణి. అనుమానమొస్తే ముట్టుకోకుండా పంపేసేవాణ్ణి. "డబ్బులిస్తామంటే చెయ్యడానికేం రోగం?" అని తిట్టి వెళ్ళినవాళ్ళున్నారు. ఒకసారి కోదాడ వైపు నుంచి సిమెంటు లారీ డ్రైవర్ దిగి, "ఎడమ చెయ్యి గుంజుతాంది అన్నా, జర పట్టు" అన్నాడు. నుదుటి మీద చల్లటి చెమట. అప్పటికప్పుడు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. గుండెపోటు. బతికాడు. నెల తర్వాత స్వీటు డబ్బా తెచ్చి నా కాళ్ళకి దణ్ణం పెట్టబోయాడు. ఆ డబ్బాలోవి మేం తినలేకపోయాం. సుజాత దాన్ని పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది.

ఇలా ఎంతమందిని సరిగ్గా పంపించినా, పంపించాల్సినప్పుడు పంపించని మనిషి భర్త నెలకోసారి వచ్చి నా ఎదుట చొక్కా విప్పి కూర్చునేవారు. ఆ ఫ్రేమ్ తీసేద్దామని ఎన్నోసార్లు స్టూలు వేసుకున్నాను. తీస్తే ఎందుకు తీశావని ఆయన అడుగుతారు. అందుకని స్టూలు దిగేవాణ్ణి. ఆయన వచ్చి వెళ్ళిన ప్రతిసారీ ఇంట్లో సుజాత నా ముఖం చూసి, "చెప్పారా?" అనేది. కొన్నేళ్ళకి అడగడం మానేసింది. చూడటం మాత్రం మానలేదు.

మూసిన రోజు

ఈ పని ముందు బొటనవేళ్ళను తినేస్తుంది. మీరు వేళ్ళతో కాకుండా మోచేతితో, ఒంటి బరువుతో నొక్కడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి. నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. రెండు బొటనవేళ్ళ కీళ్ళూ అరిగిపోయి, గ్లాసు పట్టుకోవడమే కష్టమయ్యాక రెండు గదులూ మూసేద్దామనుకున్నాను. నందిగామ గది నా తర్వాత అద్దెకి తీసుకున్నవాడు అందులో సెల్‌ఫోన్ షాపు పెట్టుకుంటానన్నాడు.

ఆఖరి రోజు పొద్దున నేను బయల్దేరుతుంటే సుజాత చీర మార్చుకుని వచ్చి బస్సెక్కింది. పదకొండేళ్ళ తర్వాత ఆ గది గడప తొక్కింది. ఆడవాళ్ళ గుమ్మం వైపు వెళ్ళకుండా ముందు గదిలో బల్ల మీద కూర్చుంది.

"ఆయన వస్తారుగా ఇవాళ?" అంది.

"వస్తారు."

"మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెప్తా" అన్నాను.

వెంకటేశ్వర్లు గారు పదకొండింటికి వచ్చారు. ఆఖరిసారని నాకోసం పెరట్లో కాసిన బొప్పాయి ఒకటి తెచ్చారు. సుజాతని చూసి, "అమ్మా, బాగున్నారా? ఎన్నాళ్ళకి కనబడ్డారండి" అని దణ్ణం పెట్టారు. అది తిరిగి దణ్ణం పెట్టింది.

నేను ముందు చెప్పాల్సింది. కానీ ముందు భుజం చేశాను. గంటసేపు, ఎప్పుడూ చేయనంత శ్రద్ధగా చేశాను. చెప్పాక ఇక ముట్టుకోనివ్వరని తెలుసు. ఆ గంట కూడా నేను ఆయన దగ్గర దొంగిలించినట్టే.

ఆయన లేచి చొక్కా వేసుకుని గుండీలు పెట్టుకుంటుండగా చెప్పాను. కాలు వాచిన సంగతి, వేడి సంగతి, సుజాత చెప్పడం, టేపు కోసం వంగి లేవడం, బోణీ. ఏదీ దాచలేదు. "చెయ్యొద్దని నాకు తెలుసండి. తెలిసే చేయించా" అన్నాను.

ఆయన గుండీల దగ్గరే ఆగిపోయారు. వీధిలో బస్సు హారన్ కొడుతోంది. తర్వాత మంచం అంచున కూర్చున్నారు.

"ఆ రోజు మేం ఆసుపత్రికనే బయల్దేరామండి" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"పనుండొచ్చామన్నాగా. పని అదే. కాలు చూపిద్దామనే వచ్చాం. ఆసుపత్రి కాడ జనం బారులు తీరున్నారు. నిలబడలేనంది. తిరిగి వస్తుంటే మీ తోరణాలు కనబడ్డయ్. నేనే ఆటో ఇటు తిప్పిచ్చా." ఆయన గొంతు పెరగలేదు. "మీరు ఒక్క మాట, ఇక్కడ కాదయ్యా, మళ్ళీ అక్కడికే పో అంటే పోయేవాళ్ళం. రెండు వీధులే. మీ మాట నేను ఎప్పుడైనా కాదన్నానా?"

క్షమించమని అడగడానికి నోరు తెరిచి, అడిగితే ఆయనకి ఇంకో పని పెట్టినట్టవుతుందని మూసేశాను. ఇన్నేళ్ళూ ఆయనకి మిగిలిందల్లా ఆ ఒక్క పూట హాయి. ఇవాళ నా బరువు దించుకోవడానికి దాన్ని కూడా లాగేసుకున్నాను. అయినా చెప్పాల్సిందే. పదకొండేళ్ళ ముందే చెప్పాల్సింది.

ఆయన లేచి గోడ వైపు తిరిగారు.

"ఆ నోటు ఇచ్చెయ్యండి."

నేను స్టూలు తేవడానికి కదిలాను. "మీరొద్దు" అన్నారు. "నేనే తీసుకుంటా."

కుడి చెయ్యి ఎత్తారు. ఆ చెయ్యి ఎక్కడ ఆగుతుందో ఆయన కంటే నాకే బాగా తెలుసు. భుజం దాటి నాలుగు వేళ్ళ ఎత్తులో ఆగింది. పదకొండేళ్ళ అలవాటు చొప్పున ఆయన మోచేతి కింద నా అరచెయ్యి పెట్టబోయాను. ఆయన చటుక్కున పక్కకి జరిగారు. మునివేళ్ళ మీద లేచి, ఎడం చేత్తో ఫ్రేమ్ దింపుకుని, దాని మీది దుమ్ము కండువాతో తుడిచారు. ముందు గదిలో సుజాత లేచి నిలబడింది. ఆయన సుజాత ముందు ఒక్క క్షణం ఆగి, తల వంచి, బయటికి వెళ్ళిపోయారు. బొప్పాయి బల్ల మీదే ఉంది.

మొన్న విజయవాడ వెళ్తుంటే నందిగామలో బస్సు ఆగింది. కిటికీలోంచి ఆయన కనిపించారు. ఎరువుల కొట్టు ముందు నిలబడి, పై అరలో ఉన్న డబ్బా కోసం ఎడం చెయ్యి చాస్తున్నారు. కుడి చెయ్యి ఒంటికి అంటుకుపోయి ఉంది. నెలరోజులు వదిలేస్తే ఆ భుజం బిగుసుకుపోతుందని నాకు తెలుసు. ఎటు తిప్పి పట్టుకుంటే సడలుతుందో కూడా తెలుసు. బస్సు కదిలేదాకా చూస్తూ కూర్చున్నాను, దిగలేదు.